బాయిలర్లో సున్నం పళ్ళాలు

ఆ పాల ఫ్యాక్టరీ కాగితాల మీద నాది. మా ఆయన భిలాయి స్టీలు ప్లాంటులో మెయింటెనెన్సు పని చూసేవారు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు సొంతంగా వ్యాపారం చేయకూడదు కాబట్టి భార్య పేరు వాడుకోవడం మా సెక్టర్ 7లో కొత్త సంగతి కాదు. మా వీధిలోనే ఒకావిడ పేరున లారీ తిరిగేది. ఆ లారీ ఏ రంగుదో ఆవిడకి తెలియదు. నా పేరున కోహ్కా దాటాక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పాలు కాచడానికి బొగ్గుతో నడిచే బాయిలరు, కాచిన పాలను చల్లార్చడానికి అమ్మోనియా యంత్రం ఉండేవి. నడిపేది మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. సంతకాలు మాత్రం నావి.

మొదట్లో నాకది గర్వంగానే ఉండేది. విజయనగరంలో కెమిస్ట్రీతో బీఎస్సీ పాసై వచ్చినదాన్ని. ఫ్యాక్టరీ యజమానురాలినయ్యానని మా పుట్టింటికి గొప్పగా చెప్పుకున్నాను. ఆ గర్వం ఎంతోకాలం నిలవలేదు. బావగారు సంతకం కోసం వచ్చినప్పుడు కాగితాన్ని మడిచి, సంతకం చేసే చోటు మాత్రం కనబడేలా వేలితో నొక్కిపట్టి ఇచ్చేవారు. చదవబోతే, "అంతా చూసేనమ్మా, నువ్వు పెట్టీ" అనేవారు. నేను పెట్టేసేదాన్ని.

ఆయన చెడ్డ మనిషని చెప్పలేను. మా ఆయన చిన్నతనంలోనే మామగారు పోతే తమ్ముణ్ణి చదివించి ఇంతవాణ్ణి చేసింది ఆయనే. ఆ కృతజ్ఞత మా ఆయన నోటికి తాళమైపోయింది. అన్నగారు కుర్చీలో కూర్చుంటే ఈయన గోడకానుకుని నిలబడేవారు. తల నెరుస్తున్నా అంతే. ప్లాంటులో పెద్ద పెద్ద యంత్రాలు ఆగిపోతే ఈయన్ని పిలుచుకుపోయేవారు. ఈయన చెప్పినట్టు ఇంజనీర్లు వినేవారు. ఇంట్లో మాత్రం అన్నగారి ముందు ఈయన గొంతు పెగిలేది కాదు.

డెబ్భైల చివర్లో ఒక ఎండాకాలం మా షెడ్డులోని బోరు ఎండిపోయింది. అమ్మోనియా యంత్రానికి నీళ్ళే ఆధారం. పాలలోంచి లాగిన వేడినంతా గ్యాసు మోసుకొచ్చి కండెన్సరు అనే పెద్ద ఇనుప పీపాలో దింపుతుంది. ఆ పీపా లోపలి గొట్టాల్లో పారే చన్నీళ్ళు ఆ వేడిని బయటికి పట్టుకుపోవాలి. నీళ్ళు తగ్గితే గ్యాసు ఒత్తిడి పెరిగిపోతుంది. కొన్నాళ్ళు ట్యాంకర్లతో నెట్టుకొచ్చారు. తరవాత పాలు విరిగిపోవడం, మా పాలు కొనే ప్లాంటు క్యాంటీన్లవాళ్ళు తిట్టిపోయడం మొదలయ్యాయి. ఫ్యాక్టరీ మూసేశారు.

మూసిన వారంలోనే ఒక ఆదివారం బావగారు మా క్వార్టర్‌కి వచ్చారు. టీ తాగి, జేబులోంచి కాగితం తీసి మా ఆయన చేతికిచ్చారు.

"కబాడీవాడితో మాటాడేసేను. ఇనుము తూకానికి తీసుకుపోతాడు. ఆ జాగాలో గోడౌను కట్టేసి అద్దెకిచ్చీడమే. నీళ్ళు లేనిచోట పాలేటి, మిషన్లేటి! మీ ఆవిడచేత ఇక్కడో సంతకం పెట్టించు."

నేను ఆ గదిలోనే, ఆయనకి ఎదురుగా, ఖాళీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను. మీ ఆవిడచేత పెట్టించు, అట!

అంతకుముందు రోజు సాయంత్రమే మా ఆయన షిఫ్టునుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ నాతో చెప్పారు. ఆ పక్కనంతా నీళ్ళ పైపులైను వేయబోతున్నారని, ఏడాదో రెండేళ్ళో పట్టినా వచ్చితీరుతుందని. "యంత్రానికేటీ కాలేదు. నీళ్ళన్నీ తీసేసి, లోపలంతా ఆరబెట్టి, గ్యాసు ఒకచోట బిగించి పెడితే ఎన్నాళ్ళైనా ఉంటాది. మేం ప్లాంటులో అలాగే పెడతాం" అన్నారు. అంత వివరంగా చెప్పిన మనిషి ఇప్పుడు కాగితం పట్టుకుని గోడమీది క్యాలెండరు చూస్తున్నారు.

"పైపులైను వేస్తారంటన్నారు కదండీ బావగారూ," అన్నాను.

"ఏటమ్మా? నీకెవరు చెప్పేరు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన క్యాలెండరులోంచి తల తిప్పలేదు. ఆ ఒక్క క్షణంలో నాకు పుట్టిన కోపం బావగారి మీద కాదు. అబద్ధం చెప్పేవాడి మీద అరవొచ్చు. నిజం తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి ఏం చేయాలి?

"నేను పెట్టనండి," అన్నాను.

బావగారు నవ్వారు. నేను పరాచికమాడుతున్నాననుకున్నారు. ఇంకోసారి చెప్పాక నవ్వు ఆగింది. "ఆడమనిషివి, ఆ మిషన్లేటి చేసుకుంటావమ్మా? ముగ్గులేస్తావా వాటికి?" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తమ్ముడితో ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయారు.

"అన్నయ్య బాధపడ్డాడు," అన్నారు మా ఆయన.

"మీరే మాటాడుంటే నేను బాధపెట్టాల్సొచ్చేది కాదు," అన్నాను.

అప్పటినుంచి నాకు పాఠాలు వంటింట్లోనే జరిగాయి. అన్నం తింటూ, కంచంలో చారుతో గీతలు గీసి, ఏ వాల్వు ముందు మూయాలో ఏది తరవాతో ఆయన చెప్పేవారు. చెప్పడంలో లోటు చేయలేదు. షెడ్డుకి రమ్మంటే మాత్రం, "నేనొస్తే అన్నయ్యకి ఎదురెళ్ళినట్టుంటాది" అనేవారు. నేను వెళితే ఎదురు వెళ్ళినట్టు కాదు కాబోలు.

చరోదా రైల్వే కాలనీలో శ్రీకాకుళం మేస్త్రి ఒకడుండేవాడు. మా యంత్రాన్ని బిగించింది అతనే. పనిమంతుడే గాని, ఎవరైనా పక్కన నిలబడి చూస్తేనే పని చేసే రకం. కబురు పెడితే వచ్చి షెడ్డంతా ఓసారి కలియదిరిగాడు.

"ఏటమ్మా ఇది! రెండు వాల్వులిప్పీసి, నీల్లొగ్గీసి, తాళం ఎట్టీమంటే ఎట్టీనా? కండెన్సరు మూతలిప్పాలా? లోపలెవులు సూడొచ్చేరు?"

"నేనొచ్చేను చూడ్డానికి. ఇప్పు."

అతను సణుగుతూనే మొదలుపెట్టాడు. ముందు గ్యాసు సంగతి. యంత్రం నిండా వ్యాపించి ఉన్న అమ్మోనియాని ఒక గట్టి ట్యాంకులోకి చేర్చి బంధించాలి. అలా చేర్చాలంటే యంత్రం చివరిసారి నడవాలి. నడవాలంటే నీళ్ళు కావాలి. బావగారిని ట్యాంకరు పంపమంటే, "మూసీసిన ఫ్యాక్టరీకి నీళ్ళెందుకు?" అన్నారు. నేనే రిక్షా కట్టించుకుని పవర్ హౌస్ బజారు దాకా పోయి, ట్యాంకరువాణ్ణి బతిమాలి తెచ్చుకున్నాను. ఆ నీళ్ళతో యంత్రం కొద్దిసేపు నడిచింది. గ్యాసు ట్యాంకులోకి చేరాక మేస్త్రి వాల్వులన్నీ బిగించి, వాటికి మూతలు వేశాడు. తరవాత గంధకం వత్తి వెలిగించి ప్రతి అతుకు దగ్గరా తిప్పాడు. అమ్మోనియా కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. ఒకచోట లేచింది. "కొంచివేనమ్మా" అన్నాడు. నేను కదల్లేదు. మళ్ళీ విప్పి బిగించాడు.

కండెన్సరు మూతలు ఊడదీస్తే లోపలి గొట్టాలన్నిటికీ సున్నపు పొర కట్టి ఉంది. వేణ్ణీళ్ళ డేగిశా అడుగున పేరుకునే తెల్లటి పెచ్చులాంటిదే. దాన్ని అలా వదిలేస్తే దాని కింద తడి నిలిచి ఇనుము చిల్లులు పడుతుంది. పొడుగాటి ఊచకి తీగల బ్రష్షు కట్టి ఒక్కొక్క గొట్టంలో దూర్చి తోమాలి. మేస్త్రీ, పాల క్యాన్లు కడగడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడా, నేనూ వంతులేసుకుని తోమాం. ఆవిడ నాకన్నా పెద్దదైనా నన్ను దీదీ అనేది. ఫ్యాక్టరీ మూసేసినా పని ఉందేమోనని రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చునేది. బావగారు ఆవిడకి మూసేసిన సంగతి కూడా చెప్పలేదు. తనంతట తనే తెలుసుకుంటుందిలే అనుకున్నారట.

తోమడం అయ్యాక బ్లోయరు పెట్టి గొట్టాల్లోకి వేడిగాలి కొట్టించాం. నా పాత చీర ముక్క ఊచకి చుట్టి గొట్టంలో దూర్చేదాన్ని. అది పొడిగా వస్తే సరే, చెమ్మగా వస్తే మళ్ళీ గాలి. మేస్త్రికి విసుగొచ్చి, "అమ్మా, ఇది మిషనా, పురిటి బిడ్డా?" అన్నాడు. పంపుల్లో నీళ్ళు తీసేసి ఇరుసులకి గ్రీజు పట్టించాం. నీళ్ళు చల్లబడే చెక్కల టవరు కడిగి ఎండబెట్టాం. గ్యాసును నొక్కే కంప్రెసరు బెల్టులు ఊడదీసి వదులుగా వేలాడదీశాం.

ఆఖరిది బాయిలరు. పొయ్యి వైపున్న మసి అంతా గోకి తీయించాను. తడి తగిలితే ఆ మసి ఆమ్లమై ఇనుమును తినేస్తుంది. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చదివిన కెమిస్ట్రీ భిలాయిలో పనికొచ్చింది ఆ రోజే. మసి గోకేముందే పొయ్యి రాజేసి లోపలి నీళ్ళు కాచాం. అవి వేడిగా ఉండగానే వదిలేస్తే మిగిలిన చెమ్మని ఆ వేడే ఆర్చేస్తుంది. ఇంకా గాల్లో ఉండే తేమ పీల్చుకోవడానికి, కాల్చిన రాతిసున్నం, నీళ్ళు తగలనిది, పళ్ళాల్లో పోసి లోపల పెట్టి మూత బిగించాలి.

సున్నం దొరికింది. పళ్ళాలు లేవు. మా పెళ్ళికి బావగారు ఇచ్చిన స్టీలు పళ్ళాలు ఇంట్లో ఉన్నాయి. ఒక్కొక్క దాని అంచున ఆయన పేరు చెక్కి ఉంటుంది. వాటిల్లో సున్నం పోశాను. అది అవసరమా, కసా అని ఎవరైనా అడిగితే రెండూనూ. మా తోడికోడలికి ఎలాగో తెలిసిపోయింది. "అన్నం తినే కంచాలమ్మా అవి!" అంది. "తినే అన్నం కాపాడ్డానికేనక్కా," అన్నాను. ఆవిడ చాలాకాలం మా ఇంటి గడప తొక్కలేదు.

తాళం వేసి వచ్చేసినా పని అయిపోలేదు. నెలకోసారి నేనూ ఆ క్యాన్ల ఆవిడా వెళ్ళేవాళ్ళం. కంప్రెసరు పెద్ద చక్రాన్ని ఇద్దరం పట్టుకుని చేత్తో తిప్పేవాళ్ళం. అలా తిప్పకపోతే లోపలి నూనె ఒకచోటే నిలిచి, సీళ్ళు ఎండిపోయి అతుక్కుపోతాయి. ముక్కుతో గాలి పీల్చి గ్యాసు వాసన ఉందేమో చూసుకునేవాళ్ళం. మొదటి వానాకాలం అయ్యాక బాయిలరు మూత తీసి చూస్తే సున్నం పొంగి పిండైపోయి ఉంది. చుట్టూ ఇనుము మాత్రం పొడిగా ఉంది. కొత్త సున్నం పోశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే సీలు బాగా పట్టినట్టే!" అన్నారు. ఓ ఆదివారం వచ్చి చూసుకోండి అన్నాను. వెలుగు ఆరిపోయింది.

రెండో వానాకాలం మా అమ్మకి జబ్బు చేసి విజయనగరం వెళ్ళాను. అక్కడే చాలా రోజులుండిపోవలసి వచ్చింది. తిరిగొచ్చిన మర్నాడు షెడ్డుకి వెళితే గేటు బయట కొత్త లారీ చక్రాల గుర్తులు కనబడ్డాయి. క్యాన్ల ఆవిడ నన్ను చూడగానే ఎదురొచ్చింది. 

"దీదీ, నమక్," అంది. "పూరా నమక్ భర్ దిస్."

తలుపు తీశాను. లోపలంతా ఉప్పు బస్తాలు. గోడ నుంచి గోడ దాకా, కండెన్సరుకి ఆనించి, పంపుల మీదకి ఎక్కించి, బాయిలరు చుట్టూ పేర్చి పెట్టారు. వానాకాలపు గాలికి బస్తాలన్నీ చెమర్చి, కింద నీరు కారి, యంత్రం కాళ్ళ దగ్గర మడుగు కట్టింది. పంపు దిమ్మ మీది ఇనుము నారింజ రంగు తిరిగి పొరలుగా లేచిపోతోంది. వేలు పెడితే ఊడి వచ్చింది.

బావగారి దగ్గర ఇంకో తాళంచెవి ఉందని నాకు తెలుసు. అది వాడతారని అనుకోలేదు. ఒక ఉప్పు వ్యాపారికి షెడ్డు అద్దెకిచ్చేశారు. అదీ నా పేరునే. సంతకం ఎవరు పెట్టారో అడిగే ఓపిక కూడా నాకు అప్పుడు లేదు.

నేను చీర కొంగు నడుముకి బిగించి మొదటి బస్తా పట్టుకున్నాను. క్యాన్ల ఆవిడ రెండో కొస పట్టుకుంది. ఈడ్చుకుంటూ తెచ్చి గేటు బయట పడేశాం. వాన కురుస్తోంది. రెండోది. మూడోది. పక్కనున్న వర్క్‌షాపు నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చి, ఏం జరుగుతోందో అడక్కుండానే అందుకున్నారు. ఉప్పు కరిగి తెల్లటి నీరు రోడ్డు మీద పారుతుంటే నాకు ఆనందమేసింది. అంత ఆనందం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఎవరు కబురందించారో, వ్యాపారి వచ్చాడు. వెనకే స్కూటరు మీద బావగారు. డ్యూటీ దిగి వస్తున్న మా ఆయన్ని ఆయనే ఎక్కించుకొచ్చినట్టున్నారు, వెనక సీటు మీద ఈయన.

"అరే భాభీజీ, ఏ క్యా కర్ రహీ హైఁ!" అని వ్యాపారి నెత్తి కొట్టుకున్నాడు.

బావగారు గొడుగు కిందనుంచి అరిచారు. "పరువు తీస్తన్నావమ్మా! నలుగురూ చూస్తన్నారు!"

"చూడనివ్వండి బావగారూ. ఆ నలుగురికీ మీరు చెప్పండి, ఇనుము పక్కన ఉప్పెందుకు పెట్టేరో."

"ఖాళీగా ఉన్న జాగా..."

"ఖాళీగా లేదు! లోపల మిషనుంది. ఏడాదిన్నరై ఆరబెట్టి, తుడిచి, చేత్తో తిప్పుకుంటన్నాను. మీకు కనబళ్ళేదా? నేనూ కనబడను, అదీ కనబడదు!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బావగారు తమ్ముడి వైపు తిరిగారు. "ఒరే, నువ్వు చెప్పరా మీ ఆవిడకి." అందరూ ఈయన్నే చూశారు. నేనూ చూశాను. వానలో తడుస్తూ, బొగ్గుమసి కడుక్కోని ముఖంతో ఈయన నిలబడ్డారు. తలుపులోంచి లోపలికి తొంగి చూశారు. పంపు దిమ్మ మీది తుప్పు ఆయన కళ్ళబడింది. అది నాకు స్పష్టంగా కనిపించింది. 

"వాన ఎక్కువౌతోంది," అన్నారు. "ఇంటికి పద."

నేను వెళ్ళలేదు. ఆఖరి బస్తా దాకా లాగించాను. గేటు బయట ఇంకా కరగని బస్తాలను వ్యాపారి లారీ తెప్పించుకుని ఎత్తించుకుపోయాడు. బావగారు ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదు.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే ఈయన వంటింటి గుమ్మంలో నిలబడి అన్నారు: "మంచి పనే చేసేవు. ఇంకో నెల ఉంటే బాయిలరు కూడా పోయుండేది."

నా చేతిలో చారు గిన్నె ఉంది. దాన్ని గోడకేసి కొట్టాను.

"ఆ మాట అక్కడెందుకనలేదు?"

ఆయన కూర్చుని, కిందపడ్డ చారు గుడ్డతో తుడవడం మొదలెట్టారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ తగ్గలేదు. మంచివాడి మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. కొట్టడు, తిట్టడు, తాగడు. అన్నీ తెలుసు. ఆ తెలిసింది నాకొక్కదానికే, తలుపు మూసి చెబుతాడు.

మేస్త్రిని మళ్ళీ పిలిపించాను. ఈసారి అతను సణగలేదు. లోపలికొచ్చి చూసి, "ఏ ఎదవ చేసేడమ్మా ఇది!" అన్నాడు. "మా బావగారు," అన్నాను. నోరు మూసుకుని పనిలో పడ్డాడు. మంచినీళ్ళతో ఉప్పంతా కడిగి, మళ్ళీ ఆరబెట్టి, తుప్పు గోకి, ఎర్రరంగు పూశాం. ఒక పంపు పోయింది. కరెంటు పెట్టెలో తీగలు పచ్చబడ్డాయి. కానీ కండెన్సరూ బాయిలరూ మూతలు గట్టిగా బిగించి ఉండటంవల్ల వాటి లోపలికి ఉప్పుగాలి చేరలేదు. బాయిలరు మూత తీసి, చేయి పెట్టి తడిమాను. పొడిగా, గరుకుగా, శుభ్రంగా ఉంది. ఆ బాయిలరును కావిలించుకుని ఏడిచాను. మేస్త్రి అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

ఎనభైల మొదట్లో పైపులైను వచ్చింది. మేస్త్రి బెల్టులు ఎక్కించి, గొట్టాల్లో నీళ్ళు నింపి, బయటి గాలంతా తీసేసి, గ్యాసును మెల్లగా వదిలాడు. మీట వేస్తే యంత్రం ఒకసారి దగ్గి, నడక అందుకుంది. ఎన్నో నెలలుగా మూగగా ఉన్నది ఆ చప్పుడు చేస్తుంటే క్యాన్ల ఆవిడ చప్పట్లు కొట్టింది. పాలు పోసే ఊళ్ళకి ఆవిడే ముందు వెళ్ళి చెప్పి వచ్చింది.

ప్రారంభానికి బావగారు వచ్చారు. ఇస్త్రీ పంచె, కుంకుమ బొట్టు. ఆయనే కొబ్బరికాయ కొట్టారు. ఎవరూ అడ్డం చెప్పలేదు, ఆయన పెద్దవారు. క్యాంటీన్లవాళ్ళు, తెలుగు సంఘంవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళకి మిఠాయి పంచుతూ ఆయన చెప్తున్నారు: "అందరూ కబాడీకి ఇచ్చీమన్నారండి. నేనూ మా తమ్ముడూ ఎంత జాగ్రత్తగా దాచుకొచ్చేమో! నట్టు కూడా పోలేదు."

మా ఆయన పక్కనే నిలబడి చిరునవ్వు నవ్వుతున్నారు. ఆ నవ్వు చూశాక ఇక నాకు ఆగలేదు.

"బావగారూ," అన్నాను అందరికీ వినబడేలా, "ఎలా దాచేరో వీళ్ళకి చెప్పండి. నీళ్ళు ముందు తీసేరా, గ్యాసు ముందు కట్టేరా?"

ఆయన మిఠాయి డబ్బా పట్టుకుని నిలబడిపోయారు. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. మేస్త్రి తల వంచుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. నేను బదులు కోసం ఆగాను.  తరవాత లోపలికి వెళ్ళి, మూల బల్ల వెనక బావగారు కూర్చునే కుర్చీ తుడిచి, అందులో కూర్చుని, మర్నాటికి ఎన్ని క్యాన్లు కావాలో క్యాంటీన్లవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి అడగడం మొదలెట్టాను.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. ఎదురుగా స్టూలు ఉన్నా కూర్చోలేదు.

"నువ్విక్కడ కూచుంటే అన్నయ్య ఏటనుకుంటాడో," అన్నారు.

"వెళ్ళి అడగండి. ఏమన్నారో నాకూ చెప్పండి."

ఆయన వెళ్ళలేదు. కాసేపు యంత్రం చప్పుడు వింటూ ఉండి, కండెన్సరు దగ్గరికి పోయి, గొట్టం మీద చేయి వేసి చూసుకున్నారు. బాగానే చల్లబడుతోందని అక్కణ్ణుంచే తల ఊపారు. నేను ఆయన వైపు చూడకుండా నా పని చూసుకున్నాను. ఆ ఫ్యాక్టరీని ఆ తరవాత చాలా ఏళ్ళు నేనే నడిపాను. బావగారు మళ్ళీ నన్ను సంతకం అడగలేదు, మాటా అడగలేదు. మా ఆయన రిటైరయ్యాక రోజూ షెడ్డుకి వచ్చేవారు. బ్రహ్మాండంగా పని చేసేవారు. వచ్చినవాళ్ళతో మాత్రం, "మేడమ్‌ని అడగండి" అనేవారు. అది గౌరవమని అందరూ మెచ్చుకునేవారు. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది.